అరికాళ్ళ మంట – సూదివైద్యము, మాచిపత్రి సెగ

లోకమునందలి బాధలు రెండు విధములు. పుండో, వాపో, జ్వరమో యైనచో చూచినవారికెల్ల తెలియును. ఇంటిల్లిపాదియు మంచముచుట్టు చేరుదురు. పైకి ఏమియు కనబడక లోలోపల కాల్చు బాధలు మరికొన్ని కలవు. అనుభవించువారు చెప్పిననే గాని అవి ఇతరులకు తెలియవు. చెప్పినను నమ్మువారు తక్కువ. అట్టివానిలో నొకటి నరముల నొప్పి. హెచ్.ఐ.వి. సోకినవారిలో పెక్కుమందిని పీడించు అరికాళ్ళ మంట ఈ జాతిదే. ఇది యేల కలుగును, చీనాదేశపు సూదివైద్యమును మూలికసెగయు దీనికి ఎంతవరకు ఉపకరించును అను విషయములను ఈ మాసమున మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఇట్టి విషయము కుటుంబపత్రికలో నేల యని కొందరు శంకింపవచ్చును. మన దేశమున హెచ్.ఐ.వి. ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఈ వ్యాధి సోకిన స్త్రీలలో అనేకులు భర్తవలననే దానిని పొందినవారు. ఎవరివలన వచ్చినను వ్యాధి వ్యాధియే గాని నేరము కాదు. మందు ఆసుపత్రిలో దొరకును. రోగి కాలము గడపునది మాత్రము ఇంటిలో. రాత్రి రెండుగంటలవేళ నిద్రలేక కూర్చున్నవారిని చూచునది వైద్యుడు కాదు, ఇల్లాలు. కావున ఈ విషయము వైద్యులకెంత అవసరమో మనకును అంతే అవసరము.

విజయవాడనుండి బందరుపోవు మార్గమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉయ్యూరు కలదు. చుట్టును వరిచేలు, చెరకుతోటలు, కాలువలు. చక్కెర కర్మాగారమునకును, మాఘమాసమున జరుగు వీరమ్మతల్లి తిరునాళ్ళకును ఆ యూరు పేరుపొందినది. అట్టి యూరిలో ఒక గృహమును ఊహింపుడు. నలుబదియైదు, ఏబది యేండ్ల వయసుగల ఒక యిల్లాలు కలదు. పగలెల్ల పనిలో మునిగియుండును. రాత్రి నడుము వాల్చినతోడనే అరికాళ్ళు నిప్పులు త్రొక్కినట్లు మండును. పలుచని దుప్పటి తగిలినను ఓర్వలేదు. లేచి చన్నీళ్ళ బేసినులో పాదములుంచుకొని గోడకు చేరగిలబడును. కోడలు లేచి, "అత్తయ్యా, నిద్ర పట్టలేదా?" అని యడుగును. "ఏమీ లేదమ్మా, కాస్త వేడి చేసింది. నువ్వు పడుకో" అని ఆమె సమాధానము.

వేడి చేసినదన్న మాట మన యిండ్లలో ఎన్ని బాధలను కప్పిపెట్టునో చెప్పనలవి కాదు. మరునాడు మజ్జిగ వచ్చును, సబ్జాగింజల నీరు వచ్చును, అరికాళ్ళకు గోరింటాకు పట్టును. ఇవన్నియు చల్లదనమిచ్చునవే. కాని ఆమె పాదముల మంట వేడివలన కలిగినది కాదు. ప్రతినెల విజయవాడ పోయి తెచ్చుకొను మాత్రలు ఏ వ్యాధికో ఆమె యెవ్వరికిని చెప్పలేదు. చెప్పిన ఇంట తన కంచము వేరగునేమో, మనుమని ఎత్తుకొననీయరేమో యని భయము. ఇంతలో ఎవరో వచ్చి, "సూదులు గ్రుచ్చి, ఆకు సెగ పెట్టి నయము చేస్తారట, ఆ మాత్రలన్నీ మానేయవచ్చునట" అని చెప్పిరనుకొనుడు. ఆమె యేమి చేయవలయును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసియుండుట ప్రాణావసరము.

ఈ మంట యెక్కడిది?

మన శరీరమున నరములలో మిక్కిలి పొడవైనవి నడుమునుండి కాలివ్రేళ్ళ వరకు పోవునవి. వాని జీవకణములు వెన్నెముక ప్రక్కన ఉండును. వాని కొనలు సుమారు ఒక మీటరు దూరమున పాదములలో నుండును. కావలసిన పోషణమంతయు ఆ జీవకణమునుండియే కొనవరకు ప్రయాణము చేయవలయును. కృష్ణా డెల్టా సోదరీమణులకు ఇది సులభముగా బోధపడును. ప్రకాశము బ్యారేజి కడ కాలువకు నీరు తగ్గినచో మొదట ఎండునవి యేవి? కాలువ మొదటి పొలములు కావు, శివారు చేలు. అట్లే నరమునకు ఏ హాని కలిగినను మొదట బాధపడునవి కాలివ్రేళ్ళు. ఆ పిదప మంట అరికాళ్ళకు, చీలమండలకు, మేజోళ్ళు తొడిగినంత మేర ప్రాకును. కొందరికి కాలక్రమమున చేతివ్రేళ్ళకును వచ్చును. రెండు పాదములును సమముగా బాధించుట దీని లక్షణము. మంట, తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట, పోట్లు, మొద్దుబారుట, ఇవన్నియు దీని రూపములే. రాత్రివేళ బాధ హెచ్చును.

హెచ్.ఐ.వి. సోకినవారి నరములకు హాని కలుగుటకు కారణములు పెక్కులు. క్రిమి శరీరమున రేపు తాపము ఒకటి. వెనుకటి మందులు రెండవది. మన దేశమున ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందులను ఉచితముగా ఇచ్చుట 2004 ఏప్రిలు 1వ తేదీన ఆరంభమైనది. మొదట చేపట్టిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును కలదు. ఆ కాలమున వాడిన మందులలో స్టావుడిన్ అనునది ముఖ్యము. అది చౌకయైనది, ప్రాణములు నిలిపినది. కాని జీవకణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలను దెబ్బతీసి, అనేకుల నరములకు హాని చేసినది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని క్రమముగా మానివేయవలసినదని సిఫారసు చేసెను. పిదప మన దేశమందును అది తొలగింపబడినది. నేడు ఎక్కువమందికి ఇచ్చునది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అను మూడు మందులను కూర్చిన ఒకే మాత్ర. స్టావుడిన్ చేసిన తరహా హాని వీనికి లేదు. అయినను పూర్వము స్టావుడిన్ వాడినవారిలో కొందరికి ఆ మందు పోయినను మంట పోలేదు.

ఇంకను కారణములు కలవు. క్షయకు వాడు ఐసోనియాజిడ్ అను మందు శరీరములోని బి-6 విటమినును హరించును. అందుకే దానితోపాటు ఆ విటమిను మాత్రను తప్పక ఇత్తురు. మధుమేహము, బి-12 విటమిను లోపము, మద్యపానము ఇవియు నరములను చెరుపును. వీనిలో కొన్నిటిని రక్తపరీక్షచే కనుగొని సరిదిద్దవచ్చును. కనుక అరికాళ్ళ మంట గలవారు సూదులకై పరుగెత్తుటకు పూర్వము తాము మందు తీసికొను కేంద్రములోని వైద్యునికి ఈ బాధను చెప్పుట మొదటి పని. చాలమంది స్త్రీలు మాత్రలు తీసికొని, క్యూ పెద్దదని మొగమాటపడి, ఈ మాట చెప్పకయే తిరిగివత్తురు. అట్లు చేయరాదు.

సూదియు సెగయు

ఇక సూదివైద్యము. చీనాభాషలో దీనిని "జెంజ్యూ" అందురు. "జెన్" అనగా సూది, "జ్యూ" అనగా మూలికను కాల్చి సెగ పెట్టుట. ఈ రెండును అక్కడ ఆదినుండి జంటవైద్యములు. పాశ్చాత్యులు సూదిని మాత్రము గైకొని దానికి ఆక్యుపంక్చర్ అని పేరిడిరి. సెగను మోక్సా అందురు. అది ఆ మూలికకు జపానువారు పెట్టిన మోగుస అను పేరునుండి వచ్చినది.

ఆ మూలిక మనకు క్రొత్తది కాదు. వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రములతో స్వామిని పూజించునపుడు మొట్టమొదట సమర్పించునది మాచిపత్రి. మోక్సాకు వాడునది ఆ మాచిపత్రి జాతి మొక్కయే. వృక్షశాస్త్రజ్ఞులు ఈ జాతిని ఆర్టిమీసియా అందురు. మన పూలదండలలో కట్టు దవనమును ఈ జాతిదే. ఇదే జాతిలోని మరియొక మొక్కనుండి మలేరియాకు గొప్ప మందు తీసిన తు యూయూ అను చీనా స్త్రీకి 2015లో నోబెలు బహుమానము లభించినది. మోక్సాకై ఆకులను ఎండబెట్టి, దంచి, దూదివలె మెత్తగా చేసి, చుట్టవలె చుట్టుదురు. దాని కొన వెలిగించి, చర్మమునకు తగులనీయక కొంత దూరమున పట్టి, చర్మము కొద్దిగా ఎఱ్ఱబారి వెచ్చబడువరకు సెగ చూపుదురు. కొందరు సూది కొనపైననే ఆ దూదిని అమర్చి వెలిగింతురు. కాల్చుట దీని ఉద్దేశము కాదు, వెచ్చజేయుటయే.

ఈ వైద్యము మన దేశమునకు వచ్చిన చరిత్ర చక్కనిది. 1938లో జపాను దండయాత్రచే క్షోభపడుచున్న చీనాకు సహాయముగా భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యుల బృందమును పంపెను. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో ఆ దేశముననే ప్రాణములు విడిచెను. తిరిగివచ్చిన డాక్టర్ బిజయ్‌కుమార్ బసు తరువాతి కాలమున మరల చీనాకు పోయి ఈ సూదివైద్యమును నేర్చుకొని వచ్చి, కలకత్తాలో 1959 ప్రాంతమున ఆరంభించెను. 2019లో భారత ప్రభుత్వము దీనిని ఒక స్వతంత్ర చికిత్సావిధానముగా గుర్తించినది.

ఈ సూది ఇంజెక్షను సూదివంటిది కాదు. దానిలో రంధ్రము లేదు, మందు లేదు. వెండ్రుకకంటె కొంచెము లావుగా నుండును. కాలి మంటకు సాధారణముగా మోకాలి దిగువను, చీలమండ పైనను, కాలివ్రేళ్ళ నడుమను గ్రుచ్చి కొంతసేపు ఉంచుదురు. చీనావారు దేహమున ప్రవహించు ప్రాణశక్తిని ఇది సరిచేయునందురు. నేటి శాస్త్రజ్ఞులు సూదిపోటు నరములను కదల్చి, మెదడు తానే తయారుచేసికొను ఎండార్ఫిన్ అను నొప్పినివారక పదార్థములను విడుదల చేయించునని భావించుచున్నారు.

పరీక్షలు ఏమి తేల్చినవి?

ఏ వైద్యమునైనను పొగడ్తలను బట్టి కాక పరీక్షలను బట్టి తూచవలయును. హెచ్.ఐ.వి. వలని నరముల నొప్పికి సూదివైద్యము పనిచేయునా యని అమెరికాలో 250 మందిపై ఒక పెద్ద పరీక్ష జరిపి, ఫలితములను 1998లో ప్రకటించిరి. కొందరికి నిర్ణీత స్థానములలో సూదులు గ్రుచ్చిరి. మరికొందరికి ఆ స్థానములు కాని చోట్ల పైపైన గ్రుచ్చిరి. ఎవరికి ఏది చేయుచున్నారో రోగులకు తెలియదు. నొప్పికి వాడుకలోనున్న అమిట్రిప్టిలిన్ మాత్రను, మందులేని ఉత్తమాత్రను కూడ ఇట్లే పోల్చిరి. పదునాలుగు వారముల పిదప చూడగా అన్ని వర్గములవారికిని నొప్పి కొంత తగ్గినది. కాని అసలు సూదికిని నకిలీ సూదికిని, అసలు మాత్రకును ఉత్తమాత్రకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

ఈ ఫలితము చదివి కొందరు సూదివైద్యము వట్టిదనిరి. మరికొందరు, అందరికి ఒకే స్థానములలో గ్రుచ్చుట చీనాపద్ధతి కాదనియు, సెగను విడిచి సూదినే పరీక్షించిరనియు ఆక్షేపించిరి. న్యూయార్కులో జాయిస్ అనస్టాసీ అను నర్సు-పరిశోధకురాలు ఈ సందేహమును తీర్చబూనెను. రోగులకు నర్సులే ఎక్కువసేపు తోడుండుదురు గనుక, మాత్రలకు లొంగని బాధలను తగ్గించు మార్గములను వెదకుటయే ఆమె పరిశోధనకు ముఖ్యవిషయము. ఆమె సూదిని, సెగను కలిపి, 50 మందిపై జరిపిన చిన్న పరీక్షయొక్క ఫలితములు 2013లో వెలువడినవి. అందు నిజమైన చికిత్స పొందినవారికి నకిలీ చికిత్స పొందినవారికంటె నొప్పి ఎక్కువగా తగ్గినది. అయితే 50 మంది సంఖ్య చిన్నది. దీనిని తొలిప్రయత్నమనియే చెప్పవలయును.

రెండింటిని కలిపి చూచినచో మాకు తోచినది ఇది. సూదియు సెగయు కొందరికి ఊరట నిచ్చుట నిజము. ఆ ఊరటలో సూదియొక్క గుణమెంత, రోగిని శ్రద్ధగా చూచిన మనుష్యుల గుణమెంత యని నిశ్చయముగా తేలలేదు. 1998 నాటి పరీక్షలో నకిలీ సూది పొందినవారికిని నొప్పి తగ్గుట ఏల? వారిని పిలిచి పడుకొనబెట్టిరి, వారి పాదములను ముట్టిరి, నేడు నొప్పి యెట్లున్నదని మాటిమాటికి అడిగిరి, చెప్పినది వ్రాసికొనిరి. అంతకుముందు అట్లు అడిగినవారు వారి కెందరుండిరో! నొప్పి దానంతట తగ్గుటయు, మేలగునను నమ్మకమును కూడ ఇందు కలిసియుండును. బిడ్డ పడి ఏడ్చినపుడు తల్లి దెబ్బపై ఊదును. ఊదుటవలన గాయము మానదని ఇద్దరికిని తెలియును. అయినను ఏడ్పు ఆగును. ఈ మాట వైద్యమును చులకన చేయుటకు చెప్పలేదు. ఆదరమునకు గల బలమును చెప్పుటకే చెప్పితిమి.

జాగరూకత

మొదటిది, అన్నింటికంటె ముఖ్యమైనది: సూదివైద్యము నొప్పికే గాని హెచ్.ఐ.వి.కి మందు కాదు. ఆ క్రిమిని శరీరమునుండి నిర్మూలించు సూది గాని, ఆకు గాని, పసరు గాని లేదు. అట్లు నయము చేసెదమని మందు అమ్ముట చట్టవిరుద్ధము. 1945 నాటి ఔషధ నియమములలో, నయము చేయుదుమని చెప్పుకొనరాని వ్యాధుల జాబితాయందు ఎయిడ్సు కలదు. మాత్రలు మానినచో అణగియున్న క్రిమి కొలది వారములలోనే తిరిగి పెచ్చుపెరుగును. అదే మందు మరల లొంగదీయలేని స్థితియు రావచ్చును. పైగా నరములకు హాని చేయువానిలో ఆ క్రిమియు నొకటి కదా! మాత్ర మానుమని చెప్పిన వైద్యుడు ఎవరైనను, ఆ గుమ్మము దిగి వచ్చివేయుటయే మేలు. సూదివైద్యము చేయించుకొన్నను, మాత్ర వేళకు మాత్ర పడవలసినదే.

రెండవది సూదులు. ప్రతి మనుష్యునికి క్రొత్త సూది, కళ్ళయెదుట విప్పిన పొట్లమునుండి తీయవలయును. వాడిన పిదప గట్టి డబ్బాలో పడవేయవలయును. ఈ నియమము హెచ్.ఐ.వి. ఉన్నవారికి మాత్రమే కాదు, అందరికి. కామెర్లు తెచ్చు హెపటైటిస్-బి క్రిమి హెచ్.ఐ.వి. కంటె సులభముగా సూదివలన వ్యాపించును. ఒకే సూదిని కాచి మరల వాడువారి కడకు ఎవ్వరును పోరాదు. రక్తము పలుచబడుటకు మందు వాడువారు, గర్భవతులు ఆ సంగతి ముందుగా చెప్పవలయును.

మూడవది సెగ. ఇందు గొప్ప ప్రమాద మొకటి కలదు. నరములు చెడినవారి పాదములు మండుచున్నను పైచర్మమునకు స్పర్శ తగ్గియుండవచ్చును. సెగ ఎక్కువైనది తెలియదు; బొబ్బ లేచినపిమ్మట గాని కనబడదు. ఆ బొబ్బ పుండై, మధుమేహము కూడ నున్నచో మానక, వ్రేళ్ళకే ముప్పు తెచ్చును. కనుక ఇంటిలో మాచిపత్రి ఎండబెట్టి మనమే సెగ పెట్టుకొందమని ఎవరును సాహసింపవలదు. సెగ పెట్టువాడు తన వ్రేళ్ళను రోగి చర్మముపై నుంచి వేడిని తానే పరీక్షించుచుండవలయును. క్షయ, ఉబ్బసము గలవారికి ఆ పొగ మంచిది కాదు.

పల్లెలలో నొప్పులకు సూది కాల్చి వాతలు పెట్టు ఆచారము కలదు. సుశ్రుతసంహితలో అగ్నికర్మకు ఒక అధ్యాయమే కలదు గదా యని కొందరు వాదింతురు. సుశ్రుతుడు అగ్నికర్మను ఎవరికి, ఎప్పుడు చేయవలయునో, ఎవరికి చేయరాదో నిర్ణయించి చెప్పెను. దానిని వంటయింటి అట్లకాడతో పోల్చుట తగదు. స్పర్శ తగ్గిన పాదమునకు వాత పెట్టుట ఎంతమాత్రము పనికిరాదు.

ఇదే సందర్భమున మిరపకాయను గూర్చి ఒక మాట. మిరపకు ఘాటునిచ్చు కాప్సైసిన్ అను సారమును 8 శాతము చేర్చిన పట్టీని నరముల నొప్పికి వైద్యులు కొన్ని దేశములలో వాడుచున్నారు. మొదట మండించి, పిదప నొప్పి తెలుపు నరముల కొనలను కొన్ని వారములు మందగింపజేయుట దాని పని. దీనిని విని గుంటూరు కారము నూరి పాదములకు పట్టింపకుడు! కొలతయు పర్యవేక్షణయు లేనిచో అది మందు కాదు, శిక్షయే యగును.

ఇంట మనము చేయదగినది

ఖర్చులేని ఉపాయములు కొన్ని కలవు. ప్రతి రాత్రి పాదములను, వ్రేళ్ళసందులను వెలుతురులో చూచుకొనవలయును. అడుగుభాగము కనబడనిచో అద్దము నేలనుంచి చూడవచ్చును, లేక కోడలో కూతురో చూచిన మరియు మంచిది. గోరువెచ్చని నీటిలో పాదములుంచునపుడు వేడిని మోచేతితో పరీక్షింపవలయును. మితిమీరిన చన్నీటిలోను, మంచుగడ్డలలోను గంటలకొలది ఉంచరాదు. చెరకు మోళ్ళున్న చేలలోను, తిరునాళ్ళ జనములోను చెప్పులు లేక నడువరాదు. అమ్మవారికి మొక్కు చెల్లింపవలసినవారు పాదములకు గాయములు తెచ్చుకొనని మరియొక విధమున చెల్లింతురుగాక. తల్లి కోపగించునని మేమనుకొనము. బిగువైన చెప్పులు, మేజోళ్ళు మానవలయును. దుప్పటి తగిలి బాధించుచున్నచో మంచముపై కాళ్ళకడ చిన్న పీటనుంచి, దానిమీదుగా దుప్పటి కప్పినచో పాదములకు తగులదు. మద్యము అలవాటుగలవారు దానిని విడువవలయును. పుండు పడినను, కాళ్ళ బలము హఠాత్తుగా తగ్గినను ఆలసింపక ఆసుపత్రికి పోవలయును.

ఇవన్నియు చేయవచ్చును, కాని అసలైన సహాయము మరొకటి కలదు. నొప్పిని నమ్ముట. "అన్నము తినుచున్నావు, పని చేయుచున్నావు, నీకేమి నొప్పి?" అన్న మాట మంటకంటె ఎక్కువగా కాల్చును. నొప్పికి కారణమేమో చెప్పితీరవలయునని కూడ ఒత్తిడి చేయనక్కరలేదు. 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఆ కారణముచే ఉద్యోగములో, వైద్యములో, నివాసములో వేరుగా చూచుట నిషిద్ధము. వారి సంగతిని వారి సమ్మతిలేక బయటపెట్టుటయు తగదు. చెప్పుటయు చెప్పకుండుటయు ఆమె యిష్టము. చెప్పినచో, కలిసి తినుటవలన గాని, ఒకే గ్లాసు వాడుటవలన గాని, బిడ్డను ఎత్తుకొని ముద్దాడుటవలన గాని ఈ వ్యాధి రాదని మనము ముందే తెలిసికొనియుండవలయును. క్రమముగా మాత్రలు వాడి రక్తములో క్రిమి కనబడని స్థితికి వచ్చినవారినుండి దాంపత్యమువలనను అది సంక్రమించదని నేటి వైద్యశాస్త్రము నిర్ధారించినది.

విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మాత్రలు ఉచితముగా ఇచ్చు ఏ.ఆర్.టి. కేంద్రము కలదు. 1969లో ఆ నగరమున వెలసిన వాసవ్య మహిళా మండలి వంటి స్త్రీల సంస్థలు ఇట్టి కుటుంబములకు ఎంతయో సేవ చేసినవి. పేరు చెప్పకయే సందేహములు తీర్చుకొనదలచినవారు 1097 అను ఉచిత ఫోను సంఖ్యకు పిలువవచ్చును.

మనము ఊహించిన ఉయ్యూరు గృహమునకు తిరిగి పోదము. ఈ రాత్రియు అత్తగారు లేచి కూర్చున్నది. "కాస్త వేడి చేసింది" అనియే చెప్పినది. ఈసారి కోడలు తిరిగి పడుకొనలేదు. ప్రక్కన కూర్చుండి, పాదము చూపుమని, ఎక్కడ మండుచున్నదో వ్రేలితో చూపించుకొని, "రేపు మందులకు వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను అత్తయ్యా. బయటే కూర్చుంటాను. ఈ మంట సంగతి మాత్రం డాక్టరుగారికి చెప్పండి" అన్నది. ఎందుకు మందులని అడుగలేదు. ఆ ముసలితల్లి కారణము చెప్పునో చెప్పదో మనకు తెలియదు. సూదులు వేయించుకొనునో, రక్తపరీక్షలో విటమిను లోపమే బయటపడునో అదియు తెలియదు. కాని ఇన్నాళ్ళకు ఆమె నొప్పిని నమ్మిన మనుష్యు లొకరు ఇంటిలో దొరికిరి.

సూది తెచ్చుటకు చీనాదేశము పోవలసివచ్చెను. ఈ రెండవ మందు ప్రతి యింటిలోను కలదు. దానిని దాచుకొనక వాడుడని సోదరీమణులకు మా మనవి.